గాటు లేని గుడ్లగూబ

కట్టోజు యాదగిరి చేతుల వంక చిన్నప్పటి నుంచీ ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. కరీంనగర్‌లో తండ్రి పక్కన కొలిమి ముందు కూర్చున్న రోజుల్లో, గొలుసు చేయించుకోవడానికి వచ్చిన ఆసామి ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. వెండి కరిగించేటప్పుడు చూసేవాడు, తీగ లాగేటప్పుడు చూసేవాడు, ఆకురాయి పెడితే రాలిన పొడి ఎటు పోతోందో కూడా చూసేవాడు. మధ్యలో టీ తాగడానికి లేస్తే తన జాగాలో పెళ్లాన్ని కూర్చోబెట్టి మరీ పోయేవాడు. అవుసులవాడి, అంటే కంసాలి, చెయ్యి ఊరుకోదని ఊరందరికీ గట్టి నమ్మకం. పెళ్లికి పిలుస్తారు, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడతారు, వరస కలిపి బావా అంటారు. తులం వెండి చేతికిచ్చేసరికి మాత్రం కళ్లు రెండూ వేళ్ల మీదే. ఆ చూపంటే యాదగిరికి ఒళ్లు మంట. తండ్రి నవ్వి ఊరుకునేవాడు, ఇతను ఊరుకోలేకపోయేవాడు.

సౌదీలో, తబూక్‌లో అబూ నాయెఫ్ ఇంట్లో ఆ చూపు లేదు. అందుకే తొమ్మిదేళ్లు ఉన్నాడు.

వెండి తీగ పనికి గిరాకీ పడిపోయినప్పుడు వచ్చాడు. ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు, దాని మీద రాసింది మెయింటెనెన్స్ అని. కుళాయిలు, తలుపుల గొళ్లేలు, తోటలో పంపులు, ఏది చెడితే అది బాగుచేయడమే పని. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అబూ నాయెఫ్ యాభై దాటిన మనిషి, ఊరి బయట ఆలివ్ తోటలు, గోధుమ పొలాలు ఉన్నవాడు. ఆయనకు పిచ్చి ఒక్కటే, పాతకాలపు గ్రీకు వెండి నాణేలు. అతిథులు కూర్చునే మజ్లిస్‌లో గోడకు ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో నీలం మఖమల్ గుడ్డ మీద నలభై ఒక్క నాణేలు. ప్రతి నాణేనికీ ఒకవైపు మనిషిదో దేవతదో ముఖం, లేదంటే గీతల ముద్ర ఉంటే, రెండో వైపు ఒక జంతువు ఉండేది. అబూ నాయెఫ్ జంతువు వైపే పైకి పెట్టేవాడు.

ఒకరోజు బీరువా కీలుకు నూనె వేస్తుంటే ఆయనే పక్కన నిలబడి చెప్పాడు. "మా తెగ ఒంటె మెడ మీద మా వాత ఉంటుంది. ఎడారిలో ఎక్కడ తప్పిపోయినా, చూసినవాడు ఇది ఫలానా వాళ్లదని చెప్పేస్తాడు. ఈ ఊళ్లూ అంతే, వెండి మీద వాత వేసుకున్నాయి. గుడ్లగూబ ఏథెన్స్ వాళ్లది. తాబేలు ఒక దీవి వాళ్లది. రెక్కల గుర్రం కోరింత్ వాళ్లది. ఎద్దు మీదికి దూకే సింహం ఇంకో ఊరిది."

ఆ తర్వాత బీరువా తాళంచెవి యాదగిరి చేతికిచ్చి ఫోన్ మాట్లాడుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. గదిలో అంత వెండి, తానొక్కడే. ఎదురుగా పీట లేదు. యాదగిరికి కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గుపడి తుడుచుకున్నాడు.

అప్పటి నుంచి ఆ జంతువులు అతనికి చుట్టాలైపోయాయి. వాటిని చేసిన పద్ధతి అతనికి తెలుసు. తండ్రి దగ్గర కూడా ఉక్కు అచ్చులుండేవి, పుస్తెల మీద ముద్ర కొట్టడానికి. అచ్చులో బొమ్మను తిరగేసి చెక్కాలి, లోతును ఎత్తుగా ఊహించుకుంటూ చెక్కాలి. ఈ ఎండ్రకాయను చెక్కినవాడు సముద్రం ఒడ్డున కూర్చుని గంటల తరబడి ఎండ్రకాయల్ని చూసి ఉండాలి, లేకపోతే ఆ కాళ్ల మడతలు రావు. తాబేలు వీపు మీద బొడిపెలు వరసగా పెట్టినవాడు మహా ఓపికమంతుడు. గుడ్లగూబ కళ్లు మాత్రం అతనికి నవ్వు తెప్పించేవి. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్న ఆసామి కళ్లలా, రెప్ప వెయ్యకుండా తనవైపే చూసేవి.

గుడ్లగూబలు మూడు. రెండింటి మీద ఉలితో కొట్టిన లోతైన గాట్లున్నాయి. ఎవడు పాడుచేశాడో అని అబూ నాయెఫ్ బాధపడేవాడు.

"నా అసొంటోడే కొట్టిండు బాబా," అన్నాడు యాదగిరి ఒకసారి తనకొచ్చిన అరబ్బీలో. "లోపట గుడ వెండేనా అని చూసుకున్నడు. గా గాటు లోపట చూడు, తెల్లగున్నది. మంచి వెండి."

అబూ నాయెఫ్ పకపకా నవ్వాడు. మూడో గుడ్లగూబ మీద గాటు లేదు. గీత కూడా లేదు. ఆయనకు ప్రాణం అదే. దాన్ని మధ్యలో పెట్టుకున్నాడు.

2006 ఫిబ్రవరిలో యాదగిరి వెళ్లిపోవడానికి ఖురూజ్ ముద్ర పడింది, తిరిగిరాని ప్రయాణానికి. ఆదివారం విమానం. కరీంనగర్‌లో వెండి తీగ పనివాళ్ల సంఘానికి మళ్లీ పని వచ్చిందనీ, నీకూ ఇస్తామన్నారనీ భార్య ప్రేమలత ఫోన్‌లో చెప్పింది. సంఘం వెండిని తూచి ఇంటికిస్తుంది, తయారైన సరుకును తూచి తీసుకుంటుంది. ఆ రెండు తూకాల మధ్య ఉండేది మనిషి మీద ఉన్న పేరు ఒక్కటే. ఆ పేరుకు మచ్చపడితే గ్రాము వెండి కూడా ఎవరూ చేతిలో పెట్టరు. యాదగిరికి ఆ పేరు తప్ప వేరే ఆస్తి లేదు. తబూక్‌లో ఏం జరిగినా మూడో రోజుకల్లా కరీంనగర్ బస్టాండులో చెప్పుకుంటారు, అంతమంది మనవాళ్లున్నారు ఇక్కడ.

ఆ వారమే శాంసన్‌కు బుద్ధి పుట్టింది.

శాంసన్ అబూ నాయెఫ్ ఆఫీసు సెక్రటరీ. అమలాపురం దగ్గరివాడు. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. పనివాళ్ల పాస్‌పోర్టులున్న ఇనప్పెట్టె తాళం ఆయన దగ్గరే ఉండేది. మంగళవారం పొద్దున వచ్చి యాదగిరి గది తలుపు కొట్టాడు.

"ఏవయ్యా యాదగిరీ, రేపు సాయంత్రం జెద్దా నుంచి పెద్దాయన వస్తున్నాడు. ఈ కాయిన్స్ గురించి అంతా తెలిసినాయన. బీరువా మెరిసిపోవాలి. ఆ కాయిన్స్ చూడు, ఎలా నల్లబడిపోయాయో. సిల్వర్ పనోడివి, నీకు నేను చెప్పాలా? సార్ చూసి సర్‌ప్రైజ్ అయిపోవాలి."

"బాబా జెప్పిండా సారూ?"

"నేను చెబుతున్నాను కదయ్యా. ఆయన చెబితే ఒకటీ, నేను చెబితే ఒకటీనా?"

అబూ నాయెఫ్ చెప్పింది బీరువా అద్దాలు తుడిపించమని మాత్రమే. ఆ సంగతి యాదగిరికి తెలియదు.

ఇక్కడ యాదగిరి తప్పు కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి కథ చెప్పడం దండగ. వెండి నల్లగా కనిపిస్తే అవుసులవాడి చెయ్యి ఆగదు. నల్లబడ్డ పట్టీలు తెల్లగా మెరిసేలా చేసివ్వడమే మూడు తరాలుగా నేర్చిన విద్య. ప్రేమలత పంపిన కుంకుడుకాయలు నానబెట్టి రసం తీశాడు, నాణేలన్నీ అందులో వేశాడు. తర్వాత చింతపండుతో తోమి, మజ్లిస్ కుంపటిలో మిగిలిన బూడిదను గుడ్డతో జల్లించి దానితో రుద్దాడు. ఒక్కోదాన్నీ కడిగి, చలువరాయి మీద చిన్నగా జారవిడిచి చూశాడు, అదీ అలవాటే. తాబేలు ఖంగున మోగింది. ఎండ్రకాయ మోగింది. సింహం, గుర్రం, తేనెటీగ, గాట్లు పడ్డ గుడ్లగూబలు రెండూ మోగాయి. అన్నీ అచ్చమైన వెండి.

గాటు లేని గుడ్లగూబ టక్కుమంది.

చేతిలోకి తీసుకుని చూశాడు. పిట్ట రొమ్ము మీద, నల్లటి పొర పోయిన చోట, కందిబద్దంత ఎర్రమచ్చ. తోమిన చింతపండు నీళ్లు ఆకుపచ్చగా తిరిగాయి. అర్థమైపోయింది. లోపల రాగిబిళ్ల, పైన వెండి రేకు చుట్టి, కాల్చి, అచ్చు కొట్టారు. ఆ కాలంలోనే ఎవడో ఘనుడు చేసిన దొంగ నాణెం. చెయ్యి తిరిగినవాడే, కాని దొంగ.

పరుగున శాంసన్ దగ్గరికి వెళ్లి మచ్చ చూపించాడు. "సారూ, గీ పిట్ట కడుపుల రాగి ఉన్నది. ఇయ్యాలది గాదు, పాతదే. బాబాకు జెప్పాలె."

శాంసన్ ముఖం వాడిపోయింది. తోమించింది తనేనన్న సంగతి అప్పుడు తట్టింది కాబోలు. "నోరు మూసుకోవయ్యా బాబూ! గెస్ట్ వచ్చే ముందు ఈ న్యూస్ చెబితే ఇద్దరినీ చంపేస్తాడు. తిప్పి పెట్టు. ముఖం పైకి, పిట్ట కిందికి. ఆయన వెళ్లాక నేనే మెల్లగా చెబుతాను. ప్రామిస్."

యాదగిరి తిప్పి పెట్టాడు. ఆదివారం ప్రయాణం పెట్టుకున్నవాడు గొడవెందుకనుకున్నాడు. జీవితంలో అంత తెలివితక్కువ పని ఇంకోటి చెయ్యలేదు.

బుధవారం సాయంత్రం జెద్దా పెద్దాయన బీరువా ముందు నిలబడి, తళతళలాడుతున్న నాణేల్ని చూసి తల పట్టుకున్నాడు. "ఇరవై నాలుగు వందల ఏళ్ల నలుపు అది," అన్నాడు నెమ్మదిగా. "అదే వాటి వయసు. కడిగేశారు కదయ్యా." అబూ నాయెఫ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నలభై జంతువుల మధ్య ఒక్క మనిషి ముఖం పైకి ఉండటం పెద్దాయనకు వింతగా తోచింది. తీసి తిప్పాడు. భూతద్దం పెట్టి, గోటితో మచ్చను గీకి, జేబులోని చిన్న తక్కెడలో తూచి, తిరిగి గుడ్డ మీద పెట్టేశాడు. "ఇది రాగి."

గురువారం పొద్దున యాదగిరిని ఆఫీసు గదికి పిలిచారు.

"నా బూమా ఎక్కడ?" అన్నాడు అబూ నాయెఫ్. బూమా అంటే గుడ్లగూబ. గొంతు పెంచలేదు, అదే భయం వేసేలా ఉంది. "ఈ ఇంట్లో వెండి పని తెలిసినవాడు ఒక్కడే. తాళంచెవి నీకే ఇచ్చాను. ఆదివారం ఊరెళ్తున్నావు. నాది తీసుకుని, రాగితో ఇంకోటి చేసి, మచ్చ కనబడకుండా తిప్పి పెట్టావు."

యాదగిరి శాంసన్ వైపు చూశాడు.

శాంసన్ నేల చూస్తూ అరబ్బీలో అన్నాడు. "నేను అద్దాలు తుడవమన్నాను సార్, అంతే. నాణేల సంగతి నాకేమీ తెలియదు."

తొమ్మిదేళ్లలో యాదగిరి నేర్చిన అరబ్బీ ఆ రెండు ముక్కలు అర్థం చేసుకోవడానికి బాగా సరిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"నువ్వు తోమమన్లే? నేను మచ్చ జూపెట్టలే? నువ్వు తిప్పి పెట్టమన్లే?" తెలుగులోనే అరిచాడు. "దేవునికి దండం పెట్టుకునే మనిషివి గదా, గిట్ల అబద్ధమాడుతవా?"

అబూ నాయెఫ్‌కు తెలుగు రాదు. ఆయనకు కనిపించింది అరుస్తున్న పనివాడు, తలవంచుకున్న పెద్దమనిషి. "హరామీ," అన్నాడు. దొంగ. "శనివారం పొద్దున పోలీసులకు ఇస్తాను. ఈలోగా నా నాణెం నా చేతికి వస్తే ఆలోచిస్తాను."

పాస్‌పోర్టు ఇనప్పెట్టెలోనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం శాంసన్ యాదగిరి గదికి వచ్చాడు. చేతిలో బిర్యానీ పొట్లం. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా అన్నం తిన్నావా అని అడగని మనిషి.

"తినవయ్యా. నా మాట విను. ఎలాగోలా ఒప్పేసుకో. ఊరికి పంపించేశానని చెప్పు. నేను సార్‌తో మాట్లాడి కేసు లేకుండా చూస్తాను. నాకూ పిల్లలున్నారు, నా ఇకామా రెన్యూవల్ ఈ నెల్లోనే. నువ్వెలాగూ వెళ్లిపోయేవాడివే కదా, నీకేం పోయింది?"

నీకేం పోయింది! ఆ ఒక్క మాటకు యాదగిరి పిడికిలి బిగిసింది. కొడితే శాంసన్ రెండు పెన్నులూ గొంతులో దిగేవే. కొట్టలేదు. బిర్యానీ పొట్లం తీసి అతని చంకలోనే మళ్లీ పెట్టాడు.

"నాకేం పోతదో నీకు తెల్వది సారూ. మా సంఘపాయన నాకు అరకిలో వెండి ఇస్తా అన్నడు, కాయితం మీద సంతకం లేకుండ. గది పోతది. మా నాయిన నలభై ఏండ్లు మందిని ఎదురుంగ కూసోబెట్టుకోని పని జేసిండు, ఒక్కడు గుడ దొంగ అనలే. గది పోతది. నువ్వు అవతల్కి పో. నీ మొకం జూస్తె నాకు పాపం తగిలేటట్టున్నది."

శాంసన్ వెళ్లాక తలుపు మూసుకుని కూర్చున్నాడు. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. శాంసన్ మీద వచ్చిన కోపం చిన్నది. పిరికివాడు పిరికిపని చేశాడు. అసలు కోపం అబూ నాయెఫ్ మీద. ఊళ్లోవాళ్లు ముందే అనుమానించేవారు, ఎదురుగా కూర్చుని అనుమానించేవారు. వాళ్ల బుద్ధి అదని తెలుసు కాబట్టి సరిపెట్టుకునేవాడు. ఈయన తాళంచెవి ఇచ్చాడు. చూడకుండా వెళ్లిపోయాడు. నమ్మాడనుకుని తొమ్మిదేళ్లు ఆ ఇంటి కుళాయిలకు ప్రాణం పెట్టి పనిచేశాడు. అదంతా నమ్మకం కాదు, ఈయనకు అనుమానించే అవసరం రాలేదంతే. అవసరం వచ్చిన మొదటి పూటే దొంగ అనేశాడు.

కోపంలోనే చింతపండు నీళ్లు గుర్తొచ్చాయి. ఆకుపచ్చగా తిరిగిన నీళ్లు. కొత్త రాగిని తోమితే నీళ్లు అంత పచ్చబడవు. లోపల చిలుముంది, ఎప్పటి చిలుమో. యాదగిరి లేచి మంచం కింద నుంచి పనిముట్ల సంచి లాగాడు.

శుక్రవారం నమాజు అయ్యాక జెద్దా పెద్దాయన భోజనానికి మజ్లిస్‌లో కూర్చున్నాడు. ఆ సాయంత్రమే ఆయన ప్రయాణం. యాదగిరి ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చాడు. శాంసన్ గుమ్మం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "ఇప్పుడు కాదయ్యా, గెస్ట్ ఉన్నారు," అన్నాడు. యాదగిరి ఆ చెయ్యిని తలుపు గొళ్లెం తీసినట్టు తీసి పక్కన పెట్టి నడిచాడు.

"బాబా. నాణేలు తోమింది నేనే. తప్పు నాదే. పోయిన నలుపు నేను మళ్ల తేలేను, దానికి నువ్వు ఏమన్నా పడ్త. దొంగతనం జెయ్యలే. గది ఇప్పుడు జూపెడ్త. ఆ గుడ్లగూబ తీస్కరా."

అబూ నాయెఫ్ ముఖం ఎర్రబడింది. పెద్దాయనే చెయ్యెత్తి, "చూద్దాం," అన్నాడు.

యాదగిరి తివాచీ మీద గుడ్డ పరిచి, చిన్న ఇనుప దాగలి పెట్టి, ఉలి, సుత్తి, పట్టకారు వరసగా అమర్చాడు. బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన ఎదురుగా తివాచీని అరచేత్తో తట్టాడు.

"ఈడ కూసో బాబా."

"నేనా?"

"నువ్వే. నా ఎదురుంగ. నా చేతుల దిక్కే చూడు. అటిటు చూసినవో, మళ్ల ఎక్కడ మార్చిన అంటవ్."

పనివాడి ముందు నేల మీద కూర్చోవడం అబూ నాయెఫ్‌కు ఆ ఇంట్లో అదే మొదటిసారి. కూర్చున్నాడు. జీవితమంతా అసహ్యించుకున్న ఆ చూపును యాదగిరి చేజేతులా పిలిచి ఎదుట కూర్చోబెట్టుకున్నాడు. గుడ్లగూబను దాగలి మీద పెట్టి, ఉలి అంచు పిట్ట మెడ మీద ఆనించి, సుత్తితో ఒక్కటే దెబ్బ వేశాడు. నాణెం నోరు తెరిచింది.

పట్టకారుతో పై రేకును కొద్దిగా లేపాడు. వెండి పొర కాగితం మందం. లోపల ఎర్రటి రాగి. ఆ రెండింటి మధ్య, రేకు మడతల్లో, రాగిలో పడ్డ గుంటల్లో, గట్టిపడిపోయిన ఆకుపచ్చ చిలుము. సూదితో గీకి ఆ పొడిని అబూ నాయెఫ్ అరచేతిలో వేశాడు.

"నీ తోటల పంపులకు రాగి గొట్టాలున్నయి. ముప్పై ఏండ్ల సంది నీళ్లల్ల, మట్టిల ఉన్నయి. నేనే మారుస్త గద. వాటికి ఎంత చిలుము పడ్డది? ఇంత పడ్డదా? గుంటలు పడి రాయి అయ్యిందా? నేను మంగళారం రాత్రి జేస్తె, ఇయ్యాల్టికి ఇంత చిలుము యాడికెల్లి వస్తది బాబా?"

అబూ నాయెఫ్ వేలితో పొడిని నలిపాడు. రైతు వేలు అది, తుప్పు తెలిసిన వేలు. జెద్దా పెద్దాయన భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. "ఇతనన్నది నిజం. ఇది వెయ్యేళ్లకు పైగా మట్టిలో ఉన్న చిలుము. ఆనాటి దొంగ నాణేలు ఇంకా రెండు మూడు చూశాను నేను. నీకు అమ్మినవాడికీ తెలిసి ఉండదు. గాటు లేని పిట్టను ఎవడూ పరీక్షించలేదు, అంతే." తర్వాత కళ్లద్దాలు తీసి అబూ నాయెఫ్‌ను సూటిగా అడిగాడు. "ఈ మనిషి కాగితాలు నీ దగ్గరున్నాయా? ఇచ్చెయ్యి."

అతిథి నోటి నుంచి ఆ మాట వచ్చాక కాదనడానికి లేదు. అబూ నాయెఫ్ శాంసన్ వైపు తిరిగాడు. "ఇతను మచ్చ సంగతి నీకు ముందే చెప్పాడా?"

శాంసన్ చొక్కా వీపంతా తడిసిపోయింది.

"పాస్‌పోర్టు తీసుకురా. నీ సంగతి తర్వాత."

పాస్‌పోర్టు చేతికొచ్చింది. యాదగిరి తెరిచి తన ఫోటో, ఖురూజ్ ముద్ర చూసుకుని బనీను లోపల పెట్టుకున్నాడు. కోపం తగ్గుతుందనుకున్నాడు. తగ్గలేదు.

అబూ నాయెఫ్ ఇప్పుడు వేరే మనిషి. లేచి యాదగిరి భుజం మీద చెయ్యి వేశాడు. "మనసులో పెట్టుకోకు. నువ్వు నా తమ్ముడివి. ఇప్పుడు నాకు మిగతా నలభై మీదా అనుమానంగా ఉంది. ఏది నిజమో, ఏది రాగో నువ్వే తేల్చాలి. నీ మీద తప్ప నాకు ఎవరి మీదా నమ్మకం లేదు." బీరువా తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. "నేను పెద్దాయనను కారెక్కించి వస్తాను. నువ్వు చూస్తూ ఉండు. ఎవరూ నిన్ను కదిలించరు."

తలుపు మూసుకుంది. గదిలో వెండి, తానొక్కడే, మళ్లీ అదే తాళంచెవి. తొమ్మిదేళ్ల కిందట కళ్లలో నీళ్లు తెప్పించిన మర్యాద ఇదే. ఇప్పుడు దాన్ని చూస్తే ఒళ్లు మండుతోంది. క్షమించు అన్న మాట మాత్రం ఆ పెద్దమనిషి నోట రాలేదు. దొంగ అన్నప్పుడు ఒక్క క్షణం పట్టలేదు, తమ్ముడా అనడానికీ ఒక్క క్షణం పట్టలేదు. రెండూ ఒకే నోరు.

యాదగిరి బీరువా వైపు చెయ్యి చాచలేదు. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. వేళ్లు తిమ్మిరెక్కినా తియ్యలేదు. ఎండ్రకాయ, సింహం, రెక్కల గుర్రం, తాబేలు అతన్ని చూస్తున్నాయి, అతను వాటిని చూస్తున్నాడు.

అబూ నాయెఫ్ తిరిగొచ్చి చూశాడు. "ఏమిటిది? మొదలుపెట్టలేదా?"

"లేదు."

"ఎందుకు?"

"నా ఎదురుంగ ఎవ్వరు కూసోలే. ఎవ్వరు చూడకుంటె నేను వెండి ముట్ట."

"అవసరం లేదన్నాను కదా. నిన్ను నమ్ముతున్నాను."

"నిన్న పొద్దుటిదాంక గుడ ఇట్లనే నమ్మితివి." యాదగిరి లేచాడు. తిమ్మిరెక్కిన చేతులు దులుపుకుని, పనిముట్లు సంచిలో వేసుకున్నాడు. ఉలి, సుత్తి మాత్రం వెయ్యలేదు. వాటిని తీసుకెళ్లి నీలం మఖమల్ మీద, వరస చివర తాబేలు పక్కన పెట్టాడు.

"బాబా, తాబేలు మీద నాకు అనుమానమున్నది."

అబూ నాయెఫ్ ముఖం పాలిపోయింది. గుడ్లగూబ పోయాక ఆయనకు మిగిలిన ప్రాణం అదే. "రాగా? చెప్పు, రాగేనా?"

"అనుమానమన్న. నిజమేందో తెల్వాలంటె కొయ్యాలె. కోస్తె తెలుస్తది. నువ్వు నన్ను కోసినవ్ గద, దాన్ని గుడ నీ చేత్తోనే కోసుకో."

మూడు రోజుల కిందట ఆ తాబేలు చలువరాయి మీద ఖంగున మోగింది. అది అచ్చమైన వెండి, అందులో వీసమెత్తు రాగి లేదు. ఆ సంగతి ఆ ఇంట్లో యాదగిరి ఒక్కడికే తెలుసు. తొమ్మిదేళ్లలో అతను ఆ ఇంట్లో ఆడిన అబద్ధం అదొక్కటే. ఆడినందుకు చింత లేదు.

సంచి భుజాన వేసుకుని వరండాలోకి వచ్చాడు. గుమ్మం పక్కన నిలబడ్డ శాంసన్ యాదగిరి ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు. కిటికీలోంచి అబూ నాయెఫ్ కనిపించాడు. ఆయన బీరువా ముందు ఉలి ఒక చేత్తో, సుత్తి ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉలి అంచు తాబేలు వీపు మీద ఆనించాడు. తీశాడు. మళ్లీ ఆనించాడు.

వాకిలి పొడుగునా యాదగిరి చెవులు రిక్కించి మెల్లగా నడిచాడు. పెద్ద గేటు దాటాడు. సుత్తి దెబ్బ వినబడలేదు. ఇక ఎన్నాళ్లయినా వినబడదని అతనికి తెలుసు. ఆ మనిషి దాన్ని కొయ్యలేడు, పారెయ్యలేడు, నమ్మలేడు. రోజూ ఆ బీరువా ముందు నిలబడి చూస్తూనే ఉంటాడు.

టాక్సీ కోసం రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు మాత్రం ఒక్క సంగతికి మనసు చివుక్కుమంది. అబూ నాయెఫ్ గురించి కాదు. పాపం, ఆ తాబేలు ఏ తప్పూ చెయ్యలేదు.